క్రూయిజ్ ఓడ మీద జెండాలు ఏం చెబుతున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి చెన్నై వెళ్ళి క్రూయిజ్ ఎక్కొచ్చినవాళ్ళు మొదట చేసే పని వాట్సాప్‌లో ఫోటోలు పెట్టడం. స్విమ్మింగ్ పూల్ పైన, పై డెక్ మీద, బార్ ముందు తోరణాల్లా కట్టిన రంగురంగుల జెండాలు వాటిలో తప్పకుండా ఉంటాయి. నాకు ఓడల జెండాల పిచ్చి ఉందని తెలిసిన చుట్టాలు, స్నేహితులు ఆ ఫోటోలు పంపి "ఇందులో ఏం రాసుందో చెప్పు" అంటుంటారు. అలా మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇవి ఏయే దేశాల జెండాలు?

ఏ దేశానివీ కావు. ఇవి సిగ్నల్ జెండాలు. ఓడకీ ఓడకీ మధ్య, ఓడకీ రేవుకీ మధ్య కబురు చెప్పుకోవడానికి ప్రపంచమంతా వాడే 'ఇంటర్నేషనల్ కోడ్ ఆఫ్ సిగ్నల్స్'లోవి. పూర్తి సెట్టులో 40 ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకి 26, అంకెలకి 10, ముందున్న జెండానే మళ్ళీ చదువుకోమని చెప్పే మూడుమూలల జెండాలు 3, 'మీ సిగ్నల్ అందింది' అని చెప్పే జవాబు జెండా 1.

దేశాల జెండాలని పొరబడటంలో వింతేమీ లేదు. 'టి' అక్షరం జెండా ఎరుపు, తెలుపు, నీలం నిలువు పట్టీలతో ఫ్రాన్స్ జెండాని తిరగేసినట్టు ఉంటుంది. 'సి' జెండా అచ్చం కోస్టారికా జెండాలాగే కనిపిస్తుంది. 'క్యు' జెండా ఉత్త పసుపు గుడ్డ. మన జిల్లాల్లో అది చూసి ఇంకేదో అనుకునే ప్రమాదం ఎన్నికల సీజన్లో మరీ ఎక్కువ.

ఓడది ఏ దేశమో తెలియాలంటే వెనక కొసన ఎగిరే జెండా చూడండి. మన దేశపు వ్యాపార ఓడలైతే అక్కడ ఎర్ర జెండా ఉంటుంది, దాని పై మూలలో మువ్వన్నెల జెండా.

సరే, ఆ వరసలో ఏం రాసుంది?

చాలావరకు ఏమీ రాసి ఉండదు. ఈ మాట చెప్పగానే ఫోన్‌లో అవతలివాళ్ళు డీలా పడిపోతారు. కానీ ఏ అర్థమూ రాకూడదనే పనిగట్టుకుని అలా కడతారు.

పండగ రోజుల్లో ఓడ ముందు కొస నుంచి మాస్ట్ (ఓడ మీద నిలువుగా ఉండే పొడుగాటి స్తంభం) మీదుగా వెనక కొస దాకా జెండాలు కట్టడాన్ని 'డ్రెస్సింగ్ ఓవరాల్' అంటారు. ఇందులో ఏ జెండా తర్వాత ఏది రావాలో ముందే రాసిపెట్టిన వరస ఉంటుంది. అమెరికా నేవీ వరసలో రెండు అక్షరాల జెండాలు, తర్వాత ఒక అంకె జెండా, అలా సాగుతుంది: ఎ, బి, 2, యు, జె, 1, కె, ఇ, 3... బ్రిటిష్ వరస ఇ, క్యు, 3, జి, 8 అంటూ మొదలవుతుంది. నలుచదరం జెండాల మధ్య సన్నగా పొడుగ్గా ఉండే అంకెల జెండాలు రావడంతో చూడ్డానికి అందం, పక్కపక్కన అక్షరాలు కలిసి మాటలు కాకుండా జాగ్రత్త. నిజం సిగ్నల్ అనుకుని ఎవరూ కంగారు పడకూడదు కదా.

మన నేవీ కూడా గణతంత్ర దినోత్సవం లాంటి రోజుల్లో ఓడల్ని ఇలాగే ముస్తాబు చేస్తుంది. 2016 ఫిబ్రవరిలో విశాఖలో జరిగిన ఇంటర్నేషనల్ ఫ్లీట్ రివ్యూ, 2022 ఫిబ్రవరి 21న రాష్ట్రపతి చేసిన ఫ్లీట్ రివ్యూ ఫోటోలు వెతికి చూడండి. వరసగా లంగరేసిన ఓడలన్నిటి మీదా ఈ జెండాలే. మామూలుగా ఇలా కట్టేది రేవులోనో లంగరేసి ఉన్నప్పుడో. ప్రయాణంలో ఉండగా కట్టరు. క్రూయిజ్ ఓడలో పూల్ మీద రోజూ వేలాడేది మాత్రం పార్టీ డెకరేషన్. దానికి ఏ పద్ధతీ ఉండక్కర్లేదు.

మరి అలంకారం ఏది, నిజం సిగ్నల్ ఏది? తేడా ఎలా తెలుస్తుంది?

నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. అందరూ రంగులు చూసి చార్టులో వెతకడం మొదలుపెడతారు. ముందు చూడాల్సింది జెండా ఎక్కడ కట్టారన్నది.

నిజం సిగ్నల్ మాస్ట్‌కి ఉన్న అడ్డకర్ర నుంచి నిలువుగా వేలాడే తాడు మీద, నలుగురికీ కనపడేలా, ఒక్కటిగానో రెండు మూడు జెండాల గుత్తిగానో ఎగురుతుంది. పై నుంచి కిందికి చదవాలి. పని అయిపోగానే దించేస్తారు. అలంకారం అడ్డంగానో ఏటవాలుగానో పొడుగ్గా సాగుతుంది, పదులకొద్దీ జెండాలుంటాయి, పొద్దున్నుంచీ అలాగే ఉంటుంది. క్రూయిజ్ ఓడలో మీరు బఫే ప్లేటు పట్టుకుని నించున్న చోట తలపైన ఉన్నది డెకరేషనే. అక్కడ కడితే పక్క ఓడవాడికి కనిపించదు, ఇక సిగ్నల్ ఎవరికోసం?

అందుకే నా సలహా: ఫోటో తీసేటప్పుడు పూల్ వదిలేసి, బ్రిడ్జి (ఓడని నడిపే గది) పైనుండే మాస్ట్ వైపు ఒకసారి జూమ్ చేయండి. చదవదగ్గ జెండాలు అక్కడే ఉంటాయి.

మాస్ట్ మీద ఏ జెండాలు కనిపించే అవకాశం ఉంది?

ఓడ వాళ్ళు అక్షరాల్ని ఎ, బి, సి అని పలకరు. ఆల్ఫా, బ్రావో, చార్లీ అంటారు. గాలి హోరులో 'బి' అన్నా 'డి' అన్నా ఒకేలా వినపడతాయి కాబట్టి. కింద నేనూ ఆ పేర్లే వాడతాను.

చెన్నై రేవులోంచి బయటికొచ్చేటప్పుడు తప్పకుండా చూడాల్సింది 'హోటల్'. తాడు వైపు తెలుపు, అవతలి వైపు ఎరుపు. 'పైలట్ ఓడ మీద ఉన్నాడు' అని అర్థం. ఈ పైలట్ విమానం నడిపేవాడు కాదు, ఆ రేవు లోతూ మలుపులూ తెలిసి ఓడని లోపలికీ బయటికీ దాటించే మనిషి. పైలట్ కావాలని అడిగేది 'గోల్ఫ్', పసుపు నీలం నిలువు చారలు ఆరు. కృష్ణపట్నం వచ్చే బొగ్గు ఓడలకైనా, చెన్నై క్రూయిజ్‌కైనా ఈ జెండాలు ఒకటే.

'పాపా' నీలం గుడ్డ మధ్య తెల్ల చదరం. రేవులో ఉండగా ఇది ఎగిరితే 'ఓడ బయల్దేరబోతోంది, అందరూ పైకి వచ్చేయండి' అని. దీనికి 'బ్లూ పీటర్' అనే ముద్దుపేరు కూడా ఉంది. ట్రింకోమలీలోనో ఇంకెక్కడో దిగి షాపింగ్‌లో మునిగిపోయినవాళ్ళకి పనికొచ్చే జెండా, కాకపోతే ఈ రోజుల్లో అంతకన్నా ముందే సెల్‌కి మెసేజ్ వస్తుంది.

'కెబెక్', అంటే 'క్యు', ఉత్త పసుపు. దీని గురించి జనంలో ఉన్న అర్థం సరిగ్గా తలకిందులు. పసుపు జెండా అంటే ఓడలో అంటురోగం ఉందని పాత రోజుల్లో లెక్క. ఇప్పుడు 'నా ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి రావడానికి ఆరోగ్య అనుమతి ఇవ్వండి' అని దీని అర్థం. వేరే దేశం నుంచి వచ్చిన ఓడకి మన రేవుల్లో ఆ అనుమతి ఇచ్చేది పోర్ట్ హెల్త్ ఆఫీసరు. రేవులో రోగభయాన్ని సూచించేది ఇప్పుడు 'లిమా', పసుపు నలుపు నాలుగు గళ్ళది. అదే లిమా సముద్రం మీద 'మీ ఓడని వెంటనే ఆపండి' అని చెబుతుంది.

'బ్రావో' మొత్తం ఎరుపు, కొస చీలి ఉంటుంది. ప్రమాదకరమైన సరుకు ఎక్కిస్తున్నాం, దించుతున్నాం, లేదా మోస్తున్నాం అని. ఆయిల్, గ్యాస్ ట్యాంకర్ల మీద ఎక్కువ కనిపిస్తుంది. క్రూయిజ్ ఓడ రేవులో ఆయిల్ పోయించుకునేటప్పుడూ పెడతారు, చూసి భయపడక్కర్లేదు.

కనిపించకూడదని కోరుకునేవి కూడా ఉన్నాయి. 'ఆస్కార్' (ఎరుపు పసుపు మూలకి కోసినట్టు) మనిషి నీళ్ళలో పడ్డాడని. 'జూలియెట్' (నీలం తెలుపు నీలం) మంటలంటుకున్నాయి, ప్రమాదకర సరుకుంది, దూరంగా ఉండండి అని. 'విస్కీ' డాక్టరు సాయం కావాలని. పేరు చూసి నవ్వొద్దు. 'రోమియో'కి మాత్రం ఒంటరిగా ఎగిరితే ఈ కోడ్‌లో ఏ అర్థమూ లేదు.

నిజంగానే మాటలు రాసిన డెకరేషన్లు ఉండవా?

ఉంటాయి. తెలిసినవాడెవడో సరదా పడి కడతాడు. మా పిన్ని కొడుకు పంపిన ఒక ఫోటోలో కౌంటర్ పైన మూడే జెండాలున్నాయి. మొదటిది ఎర్రది, కొస చీలింది: బ్రావో. రెండోది తాడు వైపు తెలుపు, ఆపైన నీలం, దీనికీ కొస చీలే ఉంది: ఆల్ఫా. మూడోది ఎరుపు మీద పసుపు ప్లస్ గుర్తు: రోమియో. కలిపి చదివితే బి, ఎ, ఆర్. బార్ అని. విడివిడిగా చదివితే 'ప్రమాదకర సరుకుంది', 'డైవర్ నీళ్ళలో ఉన్నాడు, నెమ్మదిగా దూరంగా పోండి'. బార్‌కి అదీ సరిగ్గానే సరిపోయింది.

ఇలా రెండు మూడు జెండాలే ఉండి, చుట్టూ ఖాళీ వదిలి ఉంటే చదివి చూడండి. ముప్పై నలభై జెండాల వరసైతే వదిలేయండి.

చార్టుతో పోల్చినా కొన్ని జెండాలు కుదరట్లేదు. ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, వెనక నుంచి చూస్తున్నారు. అప్పుడు జెండా ఎడమ కుడి తారుమారవుతుంది, వరస కూడా చివరి నుంచి మొదలవుతుంది. హోటల్ జెండాలో తెలుపు ఎప్పుడూ తాడు వైపే ఉండాలి, ఎడమ వైపు అని గుర్తుపెట్టుకుంటే తప్పుతారు.

రెండోది ఇంకా తికమక పెడుతుంది. జెండాకి మాస్ట్ వైపు ఉండాల్సిన అంచుని అడ్డంగా కట్టిన తాడుకి కుట్టేస్తే జెండా పక్కకి తిరిగి కిందికి వేలాడుతుంది. అప్పుడు హోటల్ పైన తెలుపు కింద ఎరుపు అయిపోయి పోలండ్ జెండాలా, టాంగో ఎరుపు తెలుపు నీలం అడ్డపట్టీలై నెదర్లాండ్స్ జెండాలా కనిపిస్తాయి. పై నీలం, కింద ఎరుపు ఉండాల్సిన 'ఎకో' రెండు నిలువు ముక్కలవుతుంది. ఇలాంటప్పుడు ఫోన్‌ని అడ్డం తిప్పి చూడండి.

ఎటు తిప్పినా మారనివి పది ఉన్నాయి: ఎఫ్, ఐ, ఎం, పి, క్యు, ఆర్, ఎస్, వి, డబ్ల్యు, ఎక్స్. ముందు వీటిని పట్టుకుంటే మిగతావి ఎంత తిరిగాయో తెలిసిపోతుంది. ఎఫ్ తెలుపు మీద ఎర్ర డైమండ్. ఐ పసుపు మీద నల్ల చుక్క. ఎం నీలం మీద తెల్ల ఇంటూ గుర్తు, వి తెలుపు మీద ఎర్ర ఇంటూ గుర్తు. ఎస్ పాపాకి తిరగబడ్డ రంగులు, అంటే తెలుపు మధ్య నీలం చదరం. ఎక్స్ తెలుపు మీద నీలం ప్లస్. డబ్ల్యు అంచు నీలం, లోపల తెలుపు, నట్టనడుమ ఎరుపు.

రంగులు ఐదే ఎందుకున్నాయి? ఆకుపచ్చ ఎందుకు లేదు?

ఎరుపు, నీలం, పసుపు, నలుపు, తెలుపు. సముద్రం మీద దూరం నుంచి ఒకదాన్నుంచి ఒకటి తేలిగ్గా తేడా తెలిసే రంగులివి. మబ్బుపట్టిన రోజు మైపాడు బీచ్‌లో నిలబడి దూరంగా పోయే బోటు రంగు చెప్పమంటే ఎంత కష్టమో ఆలోచించండి.

నెల్లూరు అని జెండాల్లో రాయొచ్చా?

ఇంగ్లీషు స్పెల్లింగులో రాయొచ్చు. ఇక్కడే ఆ మూడుమూలల రిపీట్ జెండాల పని తెలుస్తుంది. ఓడలో మామూలుగా ఒక్కో అక్షరానికి ఒక్కో జెండానే ఉంటుంది. నెల్లూరులో 'ఎల్' రెండుసార్లు, 'ఇ' రెండుసార్లు వస్తాయి. అందుకని ఇలా కడతారు: నవంబర్ (నీలం తెలుపు చదరంగం గళ్ళు), ఎకో, లిమా, తర్వాత మూడో రిపీట్. అది 'పై నుంచి మూడో జెండాని మళ్ళీ చదువు' అంటుంది, అంటే ఎల్. తర్వాత ఆస్కార్, రోమియో, చివర రెండో రిపీట్. పై నుంచి రెండోది ఎకో, అంటే ఇ.

ఒంగోలుకి మొదటి రిపీట్ కావాలి: ఆస్కార్, నవంబర్, గోల్ఫ్, మొదటి రిపీట్, లిమా, ఎకో. మొదటి జెండా ఆస్కారే కాబట్టి రెండో 'ఓ' వచ్చేసింది. రెండు ఊళ్ళూ రాసేసరికి మూడు రిపీట్లూ వాడేసినట్టే. కావలి వాళ్ళు సొంతంగా ప్రయత్నించండి, రెండో రిపీట్ ఒక్కటి చాలు.

వీటిని గుర్తుపట్టడం తేలిక. మొదటిది నీలం, పసుపు. రెండోది నీలం, తెలుపు. మూడోది తెల్ల గుడ్డ మధ్యలో నల్ల పట్టీ.

నాలుగు జెండాలు గుత్తిగా ఉంటే? మాట కుదరట్లేదు.

చాలావరకు అది ఓడ కాల్ సైన్, ఓడకి రేడియోలో ఉండే పేరు. మన దేశానికి కేటాయించిన కాల్ సైన్లు ఎ.టి. నుంచి ఎ.డబ్ల్యు. దాకా, వి.టి. నుంచి వి.డబ్ల్యు. దాకా ఉన్న అక్షరాలతో మొదలవుతాయి. పైన ఆల్ఫా, దాని కింద యూనిఫాం కనిపిస్తే మన ఓడే అయ్యుంటుంది.

రెండు జెండాలే ఉంటే ఆపద దగ్గర్నుంచి మర్యాద దాకా మామూలు కబుర్లలో ఏదైనా అయ్యుంటుంది. యూనిఫాం, విస్కీ కలిపితే 'మీ ప్రయాణం సుఖంగా సాగాలి' అని. మూడు ఉండి మొదటిది మైక్ అయితే డాక్టరు విషయాలు.

ఈ కోడ్ ఎప్పటిది? ఇప్పటికీ వాడతారా?

1857లో బ్రిటన్‌లో అచ్చయిన వ్యాపార ఓడల కోడ్ దీనికి మూలం. అందులో 18 జెండాలే, అన్నీ హల్లులే. అచ్చులుంటే జెండాల్లో బూతు మాటలు ఏర్పడతాయని వదిలేశారని చెబుతారు. ఇప్పుడున్న కోడ్ 1965లో ఖరారై, 1969 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాటామంతీ అంతా ఇప్పుడు వి.హెచ్.ఎఫ్. రేడియోలోనే. అయినా హోటల్, బ్రావో, ఆల్ఫా లాంటివి రోజూ ఎగురుతూనే ఉన్నాయి. చూసేవాడి భాష ఏదైనా, రేడియో పాడైనా పని ఆగదు మరి.

తుఫాను వస్తే 'కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు' అంటారు. ఆ జెండా ఇందులో ఉందా?

లేదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 'ఎగరేశారు' అనే మాట వల్ల జెండా అనుకుంటాం. మన రేవుల్లో తుఫాను హెచ్చరికకి పగలు వాడేవి శంకువులు, డ్రమ్ముల ఆకారాలు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. మొత్తం 11 నంబర్లు. ఒకటి, రెండు దూరంగా సముద్రంలో ఉన్న గాలివానకి. మూడు, నాలుగు ఆ రేవుకే ఈదురుగాలుల ముప్పు ఉందని. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. నంబరు మారడం తుఫాను ఎంత బలంగా ఉందో, రేవుకి ఏ పక్క నుంచి దాటబోతోందో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఆరు కంటే ఏడు పెద్ద తుఫాను అనుకోకూడదు. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, అంటే కబురు చెప్పేవాళ్ళే అందకుండా పోయారని.

వీటిలో ఏదీ క్రూయిజ్ ఓడ తోరణంలో ఉండదు.

వేటకెళ్ళే మనవాళ్ళకి ఈ జెండాలతో పనుందా?

దగ్గర దగ్గరగా చేపలు పట్టే పెద్ద బోట్లకి నాలుగు జెండాల అర్థం మారుతుంది. జూలూ 'వల వేస్తున్నాను', గోల్ఫ్ 'వల లాగుతున్నాను', పాపా 'నా వల అడుగున దేనికో తగులుకుంది'. టాంగో 'దూరంగా ఉండు, రెండు బోట్లు కలిసి ట్రాలింగ్ చేస్తున్నాం' అని. రేవులో 'బయల్దేరుతున్నాం' అన్న పాపానే సముద్రంలో వల చిక్కుకుందంటుంది. ఎక్కడ ఎగురుతోందో చూడమన్నది ఇందుకే.

మన తీరంలో ఫైబర్ బోట్ల వాళ్ళు వీటిని పట్టించుకోరు, వాళ్ళకి ఆ అవసరమూ తక్కువే. కానీ ఒకటి మాత్రం అందరికీ తెలిసుండాలి. జెండా ఏదీ లేకపోయినా, రెండు చేతులూ పక్కలకి చాచి నెమ్మదిగా పైకీ కిందికీ మళ్ళీ మళ్ళీ ఊపితే 'ఆపదలో ఉన్నాం' అని ప్రపంచమంతా ఒప్పుకున్న గుర్తు. క్రూయిజ్ డెక్ మీద నిలబడి దూరపు చిన్న బోటు వాళ్ళు అలా ఊపితే టాటా చెబుతున్నారని తిరిగి ఊపకండి, ఓడ సిబ్బందికి చెప్పండి.

అన్నా, కొత్త బోటు నీళ్ళలో దించుతున్నాం. పూలతో పాటు ఈ జెండాలూ కట్టుకోవచ్చా?

నిక్షేపంగా కట్టుకోండి. టైలర్‌కి చార్టు చూపిస్తే కుట్టేస్తాడు, గాలికి చిరగకుండా అంచు రెండు మడతలు వేయమనండి. మన జాతీయ జెండాని ఆ వరసలో కలపకుండా దాని చోటులో విడిగా కట్టండి. మిగతావి అక్షరం, అక్షరం, అంకె అని కలగలిపి వేస్తే మాటలు రావు. నవంబర్ కింద చార్లీ మాత్రం పడనీయకండి. ఆ రెండూ కలిస్తే 'ఆపదలో ఉన్నాం, వెంటనే సాయం కావాలి' అని.